కాగితంలో లేని ముసలమ్మ

ప్రెంటిస్ హాలోవేకి ఎనిమిదో ఏటి నుంచే లాటిన్ చెప్పించారు. ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు. డిగ్రీ అయినవాళ్లకి ఏడాదిలో లాటిన్, గ్రీకు నూరిపోసి పైచదువుకి తయారుచేసే ఆ బోస్టన్ తరగతిలో ఉన్నది ఏడుగురే. తక్కిన ఆరుగురూ తన కాలిగోటికి సరిపోరని అతని నమ్మకం. అందరిలోకీ అతనికి లోకువ రొవీనా పెట్రాసెక్. పదేళ్లు పళ్ల డాక్టరు దగ్గర పళ్లు శుభ్రం చేసే పని చేసి, ఒక గ్రీకు నాటకాన్ని అనువాదంలో చదివి, అసలు భాషలోనే చదవాలన్న పిచ్చితో ముప్ఫై రెండో ఏట ఉద్యోగం మానేసిన మనిషి.

"అలా పలుకుతారా ఎవరైనా? నోట్లో దూది కుక్కుకున్నట్టుంది," అనేవాడు ప్రెంటిస్.

"నీ నోట్లో ఏముందో చూడాలంటే నాకు జీతమివ్వాలి. ఊరికే చూడను," అనేది రొవీనా.

పైకి అలా అన్నా, ఇంటికెళ్లి అతని మీద కసికొద్దీ క్రియారూపాలు వల్లెవేసేది. గ్రీకు మీద ప్రేమ కంటే ఆ కసే ఎక్కువ పని చేసింది.

నవంబరులో పరీక్ష పెట్టారు. ఒక పాత గ్రీకు కోర్టు ప్రసంగంలోంచి ముందెప్పుడూ చూడని భాగాన్ని నిఘంటువు లేకుండా అనువదించాలి. ప్రెంటిస్ సగం సమయానికే కాగితం ఇచ్చేసి ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. రొవీనా గంట కొట్టేదాకా కుస్తీ పట్టి, చివరి మూడు వరుసలూ వదిలేసింది.

మర్నాడు ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్ వచ్చీ రాగానే, "ప్రెంటిస్, నీ అనువాదం చదువు," అంది.

అతను నాటకం వేసినట్టు చదివాడు. చివర్లో ఒక ముసలమ్మ న్యాయస్థానంలో ఏడ్చింది, పొరుగువాడు ఆమె మేకను తిరిగిచ్చాడు.

"బాగుంది. గ్రీకులో ఆ ముసలమ్మ ఏ వరుసలో ఉందో వేలు పెట్టి చూపించు."

ప్రెంటిస్ కాగితం మీదికి వంగాడు. వేలు చివరి వరుస దాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చింది.

"లేదు కదూ? ఈసారి ఆవిడ వచ్చే చోటికి ముందే ఆ భాగాన్ని కత్తిరించేశాను. ఏటా ఆ ప్రసంగంలోంచే ఇస్తానని పోయినేటి విద్యార్థులు చెప్పుంటారు. నువ్వు ఇంగ్లీషు అనువాదం బట్టీ పట్టావు."

"శైలి కోసం కాస్త విస్తరించాను, ప్రొఫెసర్."

"మేకతో సహానా?"

తరగతి గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది రొవీనాయే. ఆ నవ్వుకి ఆమె ఏమాత్రం సిగ్గుపడలేదు.

"నువ్వు మరీ పొంగిపోకు తల్లీ," అంది ప్రొఫెసర్. "నీకొచ్చింది అరవై ఒకటి. చచ్చినవాణ్ణి బతికించేశావు. అయితే నీ తప్పులన్నీ కాగితం మీదున్న మాటల్లోనే చేశావు, అదొక్కటే నయం."

క్రిస్మస్‌కల్లా ప్రెంటిస్ మానేశాడు. చచ్చిన భాషలు తన ప్రతిభకు చాలవని చెప్పుకుంటూ లా చదువుతానని వెళ్లిపోయాడు. నిజమని నమ్మినవాడు అతనొక్కడే.

రొవీనా ఆరు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టింది. అయిదు వద్దన్నాయి. వాటిలో ఒకచోటివాళ్లు ఆమె పేరే తప్పు రాశారు. అక్షరం అక్షరం పట్టిచూసే పండితులట! ఆ ఉత్తరంలో తప్పును ఎర్రసిరాతో దిద్ది తిరుగుటపాలో పంపేసింది. ఆరో చోటు వాళ్లు రమ్మన్నారు.