చాందినికి పురిటి పక్క

గుర్రమెక్కి ఊరేగే పెళ్లికొడుకును లోకమంతా చూస్తుంది. కింద మోసేదాన్ని ఎవడూ చూడడు. గుత్తి కోట కింద వీధిలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తోలే నూర్ అహమ్మద్ ఇన్నేళ్లలో నేర్చుకున్న చదువు ఇదే. పెళ్లికొడుకు కూర్చునేచోట జరీ గుడ్డ పరుస్తారు. ఆ గుర్రం ఇంటికిపోయి దేని మీద పడుకుంటుందని ఒక్క పెళ్లివారూ అడిగిన పాపాన పోలేదు.

ఇప్పుడతని తెల్లగుర్రం చాందిని నిండు చూలాలు. పొదుగు దిగింది. నడక బరువైంది. పోయిన ఈతలో పుట్టిన పిల్లకు బొడ్డు చీముపట్టి, కాళ్ల కీళ్లు వాచి, లేవలేక లేవలేక అట్లే పోయింది. కింద పరిచిన పాత గోనెపట్టలు తడిసి ఆరలేదనీ, రోగం ఆ తడిలోంచే ఎక్కిందనీ పశువుల డాక్టరు చెప్పాడు. ఈసారి పిల్ల దక్కాలి. దక్కాలంటే పక్క బాగుండాలి. నూర్ అహమ్మద్‌కు తిండి తింటున్నా, బీడీ తాగుతున్నా ఇదొక్కటే ధ్యాస.

సలహాలకు మాత్రం కొదవ లేదు. వాన పడని ఊళ్లో అవే బాగా పండుతాయి.

ముందుగా శనక్కాయల మిషన్ రామప్ప తోపుడు బండి మీద శనక్కాయ పొట్టు బస్తాలు వేసుకొచ్చాడు.

"నూర్ భాయ్, బుడ్డల పొట్టు! పెండ్లికూతురి పరుపు కూడా ఇంత మెత్తగుండదు. మా ఎనుములు దీని మీదే పండుకొంటాయి."

"మీ ఎనుములు బురదలో పండుకున్నా నవ్వుతానే ఉంటాయి. గుర్రం సంగతి యేరే."

"మంచిదో కాదో యెట్ల తెలుసుకుంటావప్పా? గుర్రాన్నడుగుతావా?"

"నేనే పండుకుంటా."

అన్నంత పనీ చేశాడు. కొట్టంలో ఓ మూల పొట్టు పోయించి, చొక్కా విప్పి, నెత్తిన బిందెడు నీళ్లు గుమ్మరించుకున్నాడు. నీళ్లెందుకని రామప్ప నోరు తెరిస్తే, "పిల్ల తడిగా పుడతాది గదా? పొడి మనిషి పండుకుంటే ఏం తెలుస్తాది!" అని కసిరి, అటూ ఇటూ దొర్లాడు. లేచి నిలబడేసరికి శనక్కాయకు కాళ్లొచ్చినట్టు ఉన్నాడు. బస్తా అడుగున బూజు కూడా ఉంది. తుమ్ములు మొదలై ఎంతకూ ఆగలేదు.

అతని భార్య షాజాదీ గడపలో నిలబడి చూసింది. "అజీ, మన పెండ్లినాడు కూడా మీ ఒంటిమీద ఇన్ని చమ్‌కీలు లేవు."

మర్నాడు కట్టెల మిషన్ రాజేంద్ర రంపపు పొట్టు తెచ్చాడు. ఈసారి చూడటానికి వీధి వీధంతా వచ్చింది. పనీపాటా లేని కాలం, టికెట్ లేని ఆట. నూర్ అహమ్మద్ మళ్లీ నీళ్లు పోసుకున్నాడు, మళ్లీ దొర్లాడు. లేచాక రవ్వలో దొర్లించిన చేపకూ అతనికీ తేడా లేకపోయింది.

"ఏమప్పా, మెత్తగుండాదా లేదా?" అన్నాడు రాజేంద్ర.

"మెత్తగానే ఉండాది. నా ముక్కు చూడు. పుట్టిన పిల్ల మొదటి ఊపిరి తీసేటప్పుడే ఇది లోపలికి పోతే? ఇంగ ఈడ చూడు, నా బొడ్డు చూడు!" అని బొడ్డులో ఇరుక్కున్న పొట్టును వేలితో తీసి చూపించాడు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజేంద్ర మాత్రం వంగి శ్రద్ధగా చూసి, బస్తాలు మళ్లీ బండి మీద పెట్టుకున్నాడు.

వంక ఇసుక పరచమని ఎవరో అంటే షాజాదీ ఒప్పుకోలేదు. పసిదానికి చలి చేస్తుంది, మేతతోపాటు ఇసుక కడుపులోకి పోతే తల్లికి నొప్పులొస్తాయి అంది.

ఇక మిగిలింది వరిగడ్డి. పొరుగింట్లో ఓ కట్ట అడుక్కొచ్చి దాని మీద పడుకుని చూశాడు. నీళ్లు కిందికి జారిపోయాయి. వీపుకు అంటుకున్న పరకలు చేత్తో తుడిస్తే ఊడిపోయాయి. ముక్కులో ఏమీ దూరలేదు. "ఇదే!" అని పడుకున్నచోటి నుంచే కేకేశాడు.

కాని ఈ ఏడు గడ్డి బంగారం. పశువులున్నవాళ్లు రోజూ తమ వామి చుట్టూ తిరిగి, చేత్తో తడిమి చూసుకుంటున్నారు. మేత మీద పొరపాటున కాలుపడితే ఆ పరకను తీసి కళ్లకద్దుకునే సీమ ఇది. అట్లాంటిచోట గడ్డిని గుర్రం కాళ్ల కింద పరుస్తానంటే ఊరుకుంటారా?

శింగనమల చెరువు కింద వరి కోసిన షాజాదీ అన్న ట్రాలీ ఆటోలో గడ్డి పంపించాడు. ఆటో వీధిలోకి తిరగ్గానే ఎదురింటి చిన్నక్క నడిమధ్యన నిలబడింది. రెండు ఎనుములను కన్నబిడ్డల్లా సాకుతున్న మనిషి. నోరు తెరిస్తే కోట మీది కోతులు కూడా తలలు తిప్పి చూస్తాయి.

"ఏమి నూరన్నా, ఊర్లో ఎనుములు డొక్కలెండి చస్తాంటే నువ్వు మేత తొక్కిస్తావా?"

"తొక్కించను చిన్నక్కా. తినను పెడతాండా. తినంగా మిగిలినదాని మీద అది పండుకుంటే నన్నేం చేయమంటావు?"

"యబ్బా, ఏం తెలివి! లాయరుకు చదవకపోతివే!"

"నాలుగో తరగతి అయివారు కొట్టకపోయింటే చదివేవాణ్నే."

చిన్నక్కకు నవ్వొచ్చింది. నవ్వొచ్చాక దారికి అడ్డం నిలబడటం కష్టం. పక్కకు తప్పుకుంది. కాని, "కరువొస్తే నీ గుర్రానిదే పూచీ" అని ఒక మాట మాత్రం విసిరింది.

"వచ్చింది పోతే కదా మళ్లీ వచ్చేది!" అన్నాడు నూర్ అహమ్మద్.

ఆ మధ్యాహ్నం కొట్టం కడిగి, సున్నం చల్లి, ఆరనిచ్చి, మోకాలెత్తున గడ్డి పరిచాడు. గోడల వెంబడి ఇంకా ఎత్తుగా పేర్చాడు, పిల్ల దొర్లిపోయి గోడకు తగలకుండా. చాందినిని లోపలికి తోలి, ఊరికి పెళ్లి చేసినంత సంతోషంగా టీ తాగడానికి పోయాడు.

తిరిగొచ్చేసరికి చాందిని పరుపు తింటోంది.

తొందరేమీ లేదు దానికి. గోడ వెంబడి పేర్చినదాన్ని ఒక వరస పూర్తిచేసి, నడిమధ్యకు వచ్చింది. సాయంత్రానికి ఒకచోట నేల కనిపించింది. వీధి మళ్లీ పోగైంది.

"మూతికి చిక్కం కట్టు నూర్ భాయ్," అన్నాడు రామప్ప.

"మీ ఇంట్లో ఆమె నీళ్లాడేటప్పుడు మూతికి గుడ్డ కట్టినావా?"

నూర్ అహమ్మద్ గుమ్మంలోనే చతికిలబడ్డాడు. ఇంకో బండి గడ్డి పంపమని బావమరిదిని అడగడానికి మొహం లేదు. ఈ లెక్కన ఈనే పొద్దుకు వట్టి నేలే మిగులుతుంది. పోయినసారి పిల్ల లేవడానికి ముందుకాళ్లు చాపి చాపి అలిసిపోయిన తీరు కళ్లముందు తిరిగింది. షాజాదీ వచ్చి పక్కన కూర్చుంది.

చిన్నక్క ఇద్దరినీ చూసింది. "పరుపు తినే చూలింతను ఇప్పుడే చూస్తాండా" అని గొణుక్కుంటూ ఇంటికి పోయింది. కాసేపటికి నెత్తిన పెద్ద మోపుతో వచ్చింది. బుడ్డల కట్టె. కాయలు తెంపుకున్నాక మిగిలే శనక్కాయ చెట్ల మేత. ఆకు రాలకుండా ఆరబెట్టింది, వాసనకే నోరూరేది. ఆమె ఎనుములు పాలిచ్చేది దానితోనే.

"ఇది యెయ్యి దాని ముందర. దీని వాసన తగిల్తే నీ గడ్డి పక్క తిరిగి చూడదు. నోరు నిండితే పక్క మిగుల్తాది. ఆ మాత్రం తెలీకపోతే యెట్లప్పా?"

"మేత తొక్కితే పాపమంటివే!"

"పాపమే. ఆ పాపం నీకు తెల్సు, నాకు తెల్సు, కడుపుతో ఉండేదానికి తెలుస్తాదా? పక్కకు జరుగు."

ఆమె లోపలికి పోయి ఒక పరక తీసి కళ్లకద్దుకుంది. తర్వాత కొంగు దోపుకుని, నేల కనిపించినచోటల్లా తన చేత్తోనే గడ్డి సర్దింది. చాందిని బుడ్డల కట్టెలో మూతిపెట్టి మళ్లీ తల ఎత్తలేదు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే చిన్నక్క మోపు వచ్చేది, మోపుతోపాటు తిట్లూ వచ్చేవి. రెండూ పుష్కలం. తడిసిన గడ్డిని నూర్ అహమ్మద్ ఎప్పటికప్పుడు తీసి ఆమె దిబ్బలో వేసి, ఆ చోట పొడిది పరిచేవాడు.

చన్నుల కొసల్లో మైనంలాంటి చుక్కలు కనిపించిన మర్నాడు, తెల్లవారుజామున మసీదులో అజాన్ వినిపిస్తుండగా, చాందిని ఈనింది. తడి తడిగా, పొడుగు కాళ్లతో, నల్లటి ఆడపిల్ల. తెల్లదాని కడుపున నల్లదేమిటని బెంగపడ్డ రామప్పకు, గుర్రాల్లో తెల్లవి చాలామటుకు నల్లగానే పుడతాయని షాజాదీ చెప్పాల్సి వచ్చింది. ముక్కు శుభ్రంగా ఉంది. ఒంటికి అంటిన రెండు పరకలను తల్లే నాకి రాల్చేసింది. నూర్ అహమ్మద్ బొడ్డుకు డాక్టరిచ్చిన మందు పూశాడు. పిల్ల లేవబోయి పడింది. మళ్లీ లేవబోయింది. గడ్డిలో గిట్టలు దిగి పట్టు దొరికింది. నిలబడింది. బయట కిటికీలోంచి చూస్తున్న చిన్నక్క, "లేసింది! లేసింది!" అని అరిచిన అరుపుకు మళ్లీ పడింది.

"నీ నోరు పడా!" అన్నాడు నూర్ అహమ్మద్, ఏడుస్తూ నవ్వుతూ.

అయినా అతనికి నమ్మకం చిక్కలేదు. రోజూ వేకువనే పోయి కీళ్లు తడిమేవాడు, బొడ్డు వాసన చూసేవాడు. పేరేం పెడతావని వీధిలో అందరూ అడిగినా వినబడనట్టు పోయేవాడు. ఎందుకో షాజాదీకి తెలుసు. పోయినదానికి పుట్టిన పూటే పేరు పెట్టాడు.

ఒకరోజు గడ్డి మారుస్తుంటే ఎండి నల్లబడిన బొడ్డు ముక్క కనిపించింది. పిల్ల పొట్ట కింద చూశాడు. పొడిగా, శుభ్రంగా ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. "బొడ్డూడింది! చిన్నక్కా, బొడ్డూడింది!"

ఆ ఆత్రంలో కొట్టం తలుపు వేయడం మరిచాడు. నల్లపిల్ల అతని వెనకే వచ్చి, అతన్ని దాటి, చిన్నక్క బిందెను తన్ని, వీధంట దౌడు తీసింది. "ఏయ్! ఏయ్!" అంటూ నూర్ అహమ్మద్ వెంటబడ్డాడు. ఏమని పిలవాలి? లేని పేరును ఎట్లా కేకేస్తారు? జనం గడపల్లో నిలబడి పొట్టలు పట్టుకుంటున్నారు.

"హవా! రుక్ జా, హవా!" అని అరిచాడు చివరికి, గాలిలా పోతున్నదానికి నోటికొచ్చిన పేరు పెట్టి.

అది ఆగలేదు. కొట్టంలోంచి చాందిని సకిలిస్తే మాత్రం చప్పున వెనక్కి తిరిగి, ఎంత దుమ్ము రేపుకుంటూ పోయిందో అంత దుమ్ముతోనే తిరిగొచ్చింది.