ఎనిమిది సున్నాలు

"మా ఆమెకు నిద్రా? అది కూసుంటే గదమ్మా నిద్రొచ్చేది! సున్నా రాసుకో."

అంజన్ ఈ మాట నవ్వుతూ అన్నాడు. అతని భార్య రాజమణి అప్పుడు పాల క్యాను కడుగుతోంది. అరుగు మీద సుజన అనే అమ్మాయి ఒళ్లో కాగితం పెట్టుకుని కూర్చుంది. మలక్‌పేట నుంచి స్కూటీ మీద వచ్చింది. పగటిపూట మనుషులకు ఎంత నిద్ర ముంచుకొస్తుందో సర్వే కోసం అడిగి రాసుకోవడం ఆమె పని. ఎనిమిది ప్రశ్నలు. అసలు రాదంటే సున్నా, తప్పకుండా వస్తుందంటే మూడు. చదువుకుంటూ కూర్చుంటే కునుకు వస్తుందా? టీవీ చూస్తుంటే? నలుగురిలో ఊరికే కూర్చుంటే? బండిలో గంటసేపు వెళ్తుంటే? మధ్యాహ్నం నడుం వాలిస్తే? అడిగింది రాజమణిని. చెప్పింది అంజన్. ఎనిమిదింటికీ సున్నా. గౌలిపురలో నాలుగు బర్రెలున్న ఇంటి ఆడది పగలు కునుకు తీస్తుందని రాయించుకోవడం అతనికి నామోషీ.

అంజన్ తాగడు, కొట్టడు. సందులో అందరూ మంచివాడంటారు. ఇరవై రెండేళ్లుగా భార్య కళ్లు ఎర్రగా ఉండటం చూస్తున్నాడు. ఎందుకని అడగలేదు. చూసి కూడా అడగనివాణ్ని మంచివాడనే అలవాటు మనకు ఎక్కడ అబ్బిందో.

సుజన వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "అక్కా, పదిహేను దినాలకు మళ్లొచ్చి ఇవే ప్రశ్నలు అడుగుత. రెండుసార్లూ ఒక్కతీరు జవాబొస్తేనే మా కాగితం నమ్మొచ్చని లెక్క." తర్వాత గొంతు తగ్గించింది. "ఇంకోటి చెప్పుడు మర్చిన. గట్ల కూసునే మౌకా మీకు దొరకకున్నా, దొరికితే ఎట్లుంటదో మనసుల అనుకొని చెప్పాలె."

ఆ చివరి మాట రాజమణిని వదల్లేదు. పేడ ఎత్తుతూ అదే తలచుకుంది. చదువుకుంటూ కూర్చోవడం. ఏడో తరగతి తర్వాత ఆమె చేతికి పుస్తకం వచ్చిందంటే పిల్లల పుస్తకాలకు అట్టలు వేయడానికే. టీవీని ఆమె వింటుంది, చూడదు. వంటింట్లోకి మాటలే వస్తాయి, సీరియల్లో ఏడ్చేవాళ్ల మొహాలు ఎలా ఉంటాయో తెలియదు. నలుగురిలో కూర్చోవడమంటే పెళ్లిళ్లు; అక్కడా తను వడ్డించేవాళ్లలోనే ఉంటుంది. బండి అంటే పత్తర్‌గట్టి బజారుకు వెళ్లొచ్చే ఆటో. ఒళ్లో సంచులు, సంచుల మీద ఇంకొకరి పిల్ల. గొంతుక్కూర్చుని పాలు పితకడాన్ని ఆమె కూర్చోవడం కింద ఎప్పుడూ జమకట్టుకోలేదు. ఆ కాగితం రాసినవాళ్లకు మాత్రం మనిషన్నాక రోజులో ఎక్కడో ఒకచోట కూర్చుంటారని నమ్మకం. ఎంత ముద్దుగా ఉందో ఆ నమ్మకం! ఒక్కో ప్రశ్నా ఎవరో తనకోసం వేసిన కుర్చీలా తోచింది. పాలు పితుకుతూ ఒక దాంట్లో, రొట్టెలు కాలుస్తూ ఇంకో దాంట్లో కూర్చుని చూసుకుంది. ఏ కుర్చీలో కూర్చున్నా తల పక్కకు వాలిపోయింది. అప్పుడు ఆమెకు సిగ్గేసింది. తన నిద్ర సంగతి ఇంకొకరు చెబుతుంటే, తను వంచిన తల ఎత్తకుండా క్యాను తోముకుందే, అందుకు.

పదో రోజు మధ్యాహ్నం తోడు పెట్టే పాలు పొయ్యి మీద పెట్టి, ఒక్క నిమిషం గోడకు ఆనుకుని కూర్చుంది. నిద్ర వస్తుందో లేదో చూద్దామనే. కళ్లు తెరిచేసరికి అత్త లలితమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

రాజమణి గబుక్కున కొంగు సర్దుకుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి పాలు పొంగిపోతే, "నిద్రమొగందాన్ని తెచ్చుకున్నం" అని సందంతా వినపడేలా అరిచింది ఈవిడే. ఆ పేరు పదేళ్లు నడిచింది.

పొయ్యి ఆర్పేసి ఉంది. పాలు గిన్నె అంచు దాకా వచ్చి ఆగినట్టు మీగడ గీత ఉంది.

"ఎంతసేపయిందత్తమ్మా?"

"పావుగంటయింది తియ్యి."

"లేపకపోతివి?"

లలితమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా పక్కన కూర్చుంది. "నీ ఈడుల నన్ను గూడ ఎవ్వలు లేపకపోతే మంచిగుండు అనుకుంటుంటి," అంది. కోడలు కునుకు తీసిన సంగతి కొడుకుకు చెప్పలేదు.

చెప్పిన రోజుకు, చెప్పిన వేళకు సుజన వచ్చింది. అంజన్ బండికి క్యాన్లు కడుతున్నాడు.

"మళ్లొచ్చినవా? అవే సున్నలు దించుకో పో."

రాజమణి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి సుజన పక్కన అరుగు మీద కూర్చుంది. "అడుగు చెల్లె."

"చదువుకుంట కూసుంటే?"

"మూడు."

"టీవీ చూసేటప్పుడు?"

"మూడు."

"ఎవరితోనన్న ముచ్చట పెడుతుంటే?"

రాజమణికి నవ్వొచ్చింది. "నీతోటి పెడుతుంటే గూడ వస్తున్నది. మూడే రాయి."

అంజన్ చేతిలో తాడు వదిలేశాడు. "ఏందే ఈ లొల్లి? మొన్న సున్నా అంటిమి గద? కాగితాలల్ల గిట్ల రాపిస్తే ఇజ్జత్ పోదా?"

ఎనిమిదీ అయ్యాక సుజన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది. ఆమె మొహంలో ఇబ్బంది. "అక్కా, గింత తేడా వస్తే మా సార్లు అడుగుతరు. ఈ పదిహేను దినాలల్ల జరం గిట్ల వచ్చిందా? ఏమన్నా మారిందా?"

"ఏం మారలే. మొన్నటియి ఆయన చెప్పిండు. గా కాగితం మీద నా పేరు కొట్టెయ్యి. ఇది నాది."

 సుజన మొదటి కాగితం అడుగున రాసింది: 'జవాబులు భర్త చెప్పాడు. నేను ఆపలేదు. తప్పు నాది.'

లోపల మంచం మీంచి లలితమ్మ కేకేసింది. "ఓ పిల్లా, నాకు గూడ ఒక కాగితం తియ్యి. డెబ్బై ఏండ్లు నిండినయి, ఒక్కలడగలే!"

అంజన్ తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. "మంచిగనే ఉన్నది. మరి మధ్యాహ్నం పాలు ఎవలు కాగబెడతరు?"

రాజమణి గోడకు ఆనించిన చాప తీసి, ఎండ తగలని చోట పరిచింది. పక్కన అత్తకు జాగా ఉంచి, కొంగు మడిచి తల కింద పెట్టుకుంది.

"పొయ్యి ఆడ్నే ఉన్నది," అంది కళ్లు మూసుకుని. "పొంగేదాక నిలబడాలె. కూసుంటే నిద్రొస్తది."