లోపల మనుషులున్న తాళం

నేను ఒక తాళంకప్పను. ఇత్తడి ఒళ్ళు, ఉక్కు కొక్కెం, కడుపులో ఆ కొక్కేన్ని పట్టి ఉంచే ఏడు లివర్లు. పుట్టింది అలీగఢ్‌లో. పోతపోసి, ఆకురాయితో అరగదీసి, నూనె పట్టించి నన్ను లోకం మీదకు వదిలారు. మా జాతికి చదువు ఒక్కటే: తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వినాలి. అది మంచి మాటా, తెలివితక్కువ మాటా అని అడగకూడదు.

విజయనగరంలో ఓ హార్డువేరు కొట్టులో నన్ను పైడిరాజు కొన్నాడు. జనపనార మిల్లులో నేతపని అతనిది. మొదట్లో మిల్లులో అతని సామాన్ల పెట్టెకు వేలాడేదాన్ని. అతను బ్యాంకులో అప్పు తీసుకుని రెండు గదుల ఇల్లు కట్టుకున్నాక నాకు వీధి తలుపు దక్కింది. గృహప్రవేశం రోజున అతని భార్య నరసమ్మ నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ వెంటనే సరిగ్గా పడ్డానో లేదో అని రెండుసార్లు లాగి చూసింది. మనుషులంతే. భక్తి భక్తే, అనుమానం అనుమానమే.

మూడేళ్ళు బాగానే గడిచాయి. ఒక పొద్దున్న మిల్లు గేటుకు నాకు పెదనాన్నంత తాళం పడింది. లాకౌట్ అన్నారు. వాయిదాలు ఆగాయి. బ్యాంకు తరఫున వసూలు మనుషులు వచ్చి, అరుగు మీద కూర్చుని, వీధంతా వినేలా అరిచేవారు. ఒకడైతే "పార్సిలొచ్చిందండీ" అని తియ్యగా పిలిచి, పైడిరాజు తలుపు తియ్యగానే చొక్కా పట్టుకున్నాడు. ఆ రోజు అతను అన్నం ముట్టలేదు. అప్పుకన్నా ఆ అవమానమే అతన్ని ఎక్కువ తినేసింది.

"ఒలే, బయట తాళమేసీసి ఎనకనుంచి వచ్చేత్తాను. ఇంట్లో ఎవులూ నేరనుకుంటారు," అన్నాడు నరసమ్మతో.

అప్పటినుంచి అదే పద్ధతి. పొద్దున్నే నన్ను వీధి తలుపుకు వేసి, పక్కింటి సన్నమ్మ పెరట్లోంచి గోడ దాటి లోపలికి వచ్చేవాడు. ఆలుమగలిద్దరూ పగలంతా గుసగుసలతోనే కాపురం చేసేవారు. కూత వినపడుతుందని నరసమ్మ కుక్కరు అటకెక్కించి గిన్నెలో అన్నం వండేది. ఎవరైనా అడిగితే సన్నమ్మ చెప్పాల్సిన మాట కూడా ఖాయమైంది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి సంగతి అందరికీ తెలిసిందే. ఇక్కడ ఆ పిల్లికి కళ్ళు మూసింది నేను. దొంగల్ని బయట ఉంచడానికి పుట్టినదాన్ని, ఇంటివాళ్ళనే దాచడానికి పనికొచ్చాను. నిజం చెప్పొద్దూ, గర్వంగానే ఉండేది.

వచ్చిన ఉత్తరాలను పైడిరాజు విప్పేవాడు కాదు. విప్పితే నిజమైపోతుందన్నంత భయం. నరసమ్మ ఒక్కో కవరుకూ కాస్త పసుపు అద్ది పైడితల్లమ్మ పటం వెనక పెట్టేది. బాధ్యత అమ్మవారికి బదిలీ అయిపోయేది.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం సునీత అనే బ్యాంకు ఉద్యోగిని వచ్చింది. నన్ను చూసి నిట్టూర్చింది. వేలి కణుపుతో తలుపు కొట్టి, "బ్యాంకు నుంచండీ," అంది. వెనక గదిలో ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

సన్నమ్మ బయటికొచ్చింది. "ఊరెల్లిపోనారమ్మా. ఎప్పుడొస్తారో తెల్దు."

"వసూలుకి రాలేదమ్మా నేను. మిల్లు మూతపడినవాళ్ళకి ఏడాదిపాటు వాయిదాలు ఆపుతున్నారు, ఇల్లు పోకుండా. వీళ్ళు ఇక్కడే ఉంటున్నారని నేను చూసి సంతకం పెట్టించుకోవాలి. అంతే."

"నానేటి సెప్పేది తల్లీ. ఇంట్లో ఎవులూ నేరు."

సునీత నన్ను రెండుసార్లు లాగి చూసింది. నేను కదల్లేదు. పది రోజులకు మళ్ళీ వచ్చింది, మళ్ళీ లాగింది. ఈసారి ఒక నీలం కవరు నా కొక్కెంలో దూర్చి, చేతిలోని కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

"ఈపాలి ఆడమనిసిని అంపించినారు. ఎంత తియ్యగా మాటాడీసిందనుకున్నావు! నాను పడతానేటి?" అంది సన్నమ్మ, ఆ కవరును గోడ మీంచి నరసమ్మకు అందిస్తూ. చాలా నెలల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది. నీలం కవరుకు కూడా పసుపు పడింది.

ఇంటిని స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకువాళ్ళు పోలీసులతో వచ్చిన రోజున పైడిరాజే చుట్టూ తిరిగి వచ్చి నన్ను తీశాడు. తాళంచెవి రెండుసార్లు జారింది. మంచం, బిందెలు, అటకమీది కుక్కరు వీధిలోకి వచ్చాయి. అమ్మవారి పటం దింపుతుంటే వెనకనుంచి కవర్లు జారిపడ్డాయి. సామాన్ల జాబితా రాస్తున్న సునీత వంగి నీలం కవరు తీసింది. అంటించింది అంటించినట్టే ఉంది.

"రెండుసార్లు వచ్చానండీ. తాళం వేసుంది," అంది.

"లోపలే ఉన్నామమ్మా," అన్నాడు పైడిరాజు.

నడివీధిలో నిలబడి ఆ కవరు విప్పి చదివాడు. గడువు పదకొండు రోజుల కిందటే అయిపోయింది. "ఇప్పుడెట్టినా సంతకం పనికిరాదా?" అని అడిగాడు. సునీత తల అడ్డంగా ఊపింది. "ఇంట్లో ఎవరూ ఉండటం లేదని రాసిచ్చింది నేనే," అని కళ్ళు తుడుచుకుంది. సన్నమ్మ అరుగు మీద కూలబడి నోట్లో కొంగు కుక్కుకుంది. మీరు చెప్పమన్నదే చెప్పానని ఆమె వాళ్ళతో అనలేదు. అని ఉంటే, చెప్పింది చేసిన నాకైనా కాస్త తోడు దొరికేది.

ఆ తలుపుకు బ్యాంకు తాళం పడింది, దాని మీద లక్క ముద్ర పడింది. పైడిరాజు అలవాటు కొద్దీ నన్ను నొక్కి బిగించి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, నన్ను బిందెలో పడేశాడు.

ఇప్పుడు పాత ఇనుప సామాన్ల కొట్టులో సైకిలు చక్రాల కింద ఉన్నాను. కొట్టువాడు తాళంచెవి అడిగితే పైడిరాజు పోయిందన్నాడు. మొలకు కట్టుకునే అన్నాడు. తియ్యాల్సిన తలుపు లేకపోయినా దాన్ని ఎందుకు దాచుకున్నాడో నేను అడగలేను.

కొట్టువాడు నన్ను రోజుకోసారి లాగి చూసి, "మంచి తాళం, ఊడదు," అంటాడు. నా ఏడు లివర్లూ అరిగిపోయి ఉంటే, సునీత లాగినప్పుడు ఊడి చేతిలోకి వచ్చేదాన్ని. తలుపు తెరుచుకునేది. ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఇద్దరు మనుషులు ఆవిడకు కనిపించేవారు.