ఆలస్యంగా మోగిన ఫోను

తెర మీద ఆకుపచ్చ టిక్కు కనబడగానే ఆమె కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

"ఏవండీ, అయిపోయింది! మీ ఫోను రూట్ అయింది!"

భర్త సబ్బు నురగ మొహంతోనే స్నానాల గదిలోంచి తొంగిచూశాడు. "బతికే ఉందా?"

"బతకడమేంటి, ఇక చెప్పినట్టు వింటుంది. పెళ్ళయి నెలన్నరైనా మీరే వినడం లేదు."

"వింటున్నాగా, పంతులమ్మా!"

ఆ పేరు అతను పెట్టిందే. ఏ పనికైనా ముందు సూచనలన్నీ చదివి, నోటుబుక్కులో ఎక్కించుకుంటే గానీ ఆమెకు చెయ్యి ఆడదు.

అతను వడ్రంగి. చిన్నప్పటి నుంచి చక్కెర జబ్బు, రోజూ ఇన్సులిన్. భుజం కింద అతికించుకున్న గుండీ అంత సెన్సర్ ఒంట్లో చక్కెర ఎంతుందో ఫోనుకు చెబుతూ ఉంటుంది. చక్కెర బాగా పడిపోతే ఫోను మోగుతుంది. వెంటనే రెండు గ్లూకోజ్ బిళ్ళలు నోట్లో వేసుకుంటే గండం గడిచినట్టే. కానీ ఫోను పాతది. కంపెనీ వాళ్ళే పెట్టి పంపిన యాప్‌లు, తీసేద్దామన్నా పోనివి, లోపల తిష్ఠవేసి బ్యాటరీని నమిలేవి. మూడింటికల్లా ఫోను చచ్చేది. రంపం తిరిగే చోట పనిచేసే మనిషికి ఆ తరవాత కాపలా ఎవరు? అందుకే ఆమె రూట్ చేసింది. కంపెనీ తన దగ్గరే ఉంచుకున్న తాళంచెవిని లాక్కున్నట్టన్నమాట.

ప్రమాదాలు కూడా రాసుకుంది. మొదట్లోనే ఫోనులో ఉన్నదంతా చెరిగిపోతుంది. పెళ్ళి ఫోటోలు ముందే తన ఫోనులోకి ఎక్కించింది. బ్యాంకు యాప్ మొరాయిస్తుంది. తన ఫోను ఉందిగా. మధ్యలో తేడా వస్తే ఫోను రాయిలా పడి ఉంటుంది. దేవుడి దయవల్ల అలా కాలేదు.

ఆ సాయంత్రం మొండి యాప్‌లను ఒక్కొక్కటే పీకేస్తూ, ప్రతిసారీ భర్తను పిలిచి చూపించింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. తెర ఆరగానే మిగతావన్నిటినీ నిద్రపుచ్చే యాప్ ఒకటి ఎక్కించింది. సెన్సర్ యాప్ తెరిచి చూస్తే అంకె చక్కగా కనిపించింది. మర్నాడు పడుకునే వేళకు బ్యాటరీ ఇంకా సగం మిగిలి ఉంటే ఇద్దరూ పిల్లల్లా మురిసిపోయారు.

నాలుగో రోజు మధ్యాహ్నం, ఆమె పనిచేసే గ్రంథాలయానికి భర్త పనిచేసే చోటి మేస్త్రి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, కంగారుపడకు. మీ ఆయన తేరుకుని కూర్చున్నాడు. నువ్వోసారి రా."

ఆమె వెళ్ళేసరికి భర్త చెక్కల దొంతర మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతిలో ఖాళీ గ్లాసు.

"గీసిన గీత మీదే మళ్ళీ మళ్ళీ గీస్తున్నాడమ్మా. పిలిస్తే పలకడు. రంపం ఆపేసి పంచదార నీళ్ళు పట్టించా," అన్నాడు మేస్త్రి.

"ఫోను మోగలేదా?"

"కిక్కురుమనలేదు."

ఆమె భర్త జేబులోంచి ఫోను తీసి, తెర వెలిగించి, సెన్సర్ యాప్ తెరిచింది. అప్పుడు మోగింది, ఆమె చేతిలోనే, చెవులు చిల్లులు పడేలా.

"దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయట," అన్నాడు మేస్త్రి.

ఆమె మోత ఆపింది. రంపం పళ్ళ మధ్య ఇరుక్కున్న పొట్టును చూసింది. తరవాత భర్త రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకుని ఒక్కో వేలూ తడిమింది.

"అన్నీ ఉన్నాయిలే, పంతులమ్మా," అన్నాడతను నీరసంగా. "నా మంచికే కదా చేశావు. బ్యాటరీ ఎంతసేపు వస్తోందో చూడు."

"నిద్రపుచ్చి దాని నోరు కట్టేశాక ఎంతసేపు బతికితే ఏం లాభమండీ?" అందామె. "ఫోనుకేమవుతుందో పేజీ నిండా రాసుకున్నాను. మీకేమవుతుందో ఒక్క ముక్క రాయలేదు."

ఆమె కళ్ళు తుడుచుకుని మేస్త్రి వైపు తిరిగింది.

"రేపు ఈయన రంపం ముట్టరండీ. ఫోను బాగయ్యేదాకా వేలు పొడిచి చక్కెర నేనే చూస్తుంటా. పొద్దున్నే ఫోనును కంపెనీ ఇచ్చినట్టే చేసేసి, పవర్ బ్యాంకు ఒకటి ఈయన నడుముకు కడతాను. తరవాత ఇక్కడికే వస్తాం. చక్కెర మామూలుగా ఉన్నా మోగేలా హెచ్చరిక హద్దు పైకి జరిపి, తెర ఆర్పి, ఈ బల్ల మీద పెడదాం."

"పెట్టి?"

"మీరూ కూర్చోండి. అది తనంతట తాను మోగేదాకా ముగ్గురం వింటూ కూర్చుందాం."