నీళ్ళకి కానివాడు

ఆదివారం వచ్చిందంటే ఆయనకి తెల్లారకముందే పని మొదలు. ఆఫీసు గిడ్డంగి తలుపు తీసి, నారింజరంగు జాకెట్లు ఒక్కొక్కటే దులిపి, బకిళ్ళు టకటకా పెట్టి తీసి, ఈలలు ఊది చూసి, వ్యానులో సర్దేవాడు. ఇరవై నాలుగు జాకెట్లు, రెండు తాళ్ళు, ఒక మైకు, ‘నీటి మీద సరదా, ఒంటి మీద జాకెట్’ అని రాసిన గుడ్డ బ్యానరు. ఆ మాట కట్టింది ఆయనే. సరస్సు ఒడ్డున పడవలు అద్దెకు తీసుకుని షికారుకెళ్ళే జనాన్ని ఆపి, ఇరవై నిమిషాలు జాగ్రత్తలు చెప్పి పంపడం ఆయన ఉద్యోగం. అసలు హోదా పేరు పలకాలంటే నోరు తిరగదు గనక పిల్లలు జాకెట్ మాస్టారు అని పిలిచేవారు. పెద్దవాళ్ళూ అదే ఖాయం చేశారు.

ఇంత చేసీ మాస్టారు మొహం కడుక్కోకుండానే బయల్దేరేవాడు. కడుక్కోవాలంటే నీళ్ళు చేతిలో పడాలి కదా! పదకొండు నెలలుగా నీళ్ళు ఆయన్ని ముట్టుకోవడం మానేశాయి. కుళాయి కింద చెయ్యి పెడితే ధార పక్కకి వంగి పోయేది. గ్లాసు నోటి దగ్గరికి తెస్తే నీళ్ళు అవతలి గోడకి అంటుకుని కూర్చునేవి. వానలో నడిస్తే ఆయన చుట్టూ బారెడు మేర నేల పొడిగా ఉండేది.

ఇంట్లోవాళ్ళు అలవాటు పడిపోయారు. టీకి ఆ పట్టింపు లేదని భార్య రెండోరోజే కనిపెట్టింది. “పాలు కలిస్తే, తామెవరి దగ్గరున్నామో నీళ్ళకి తెలియదు కాబోలు,” అంది. అప్పట్నుంచి స్నానానికి బకెట్‌లో రెండు చెంచాల పాలు పోసేది. “మీకేం బాబూ, పాలతో జలకాలు!” అని ఎదురింటాయన నవ్వేవాడు. పక్కింటావిడైతే ముసురు పట్టినప్పుడల్లా గోడ మీంచి పిలిచేది. “అన్నయ్యగారూ, కాస్త మా తీగ పక్కన నిలబడరూ, దుప్పట్లు ఆరి చావట్లేదు.” ఆయన పేపరు పట్టుకెళ్ళి నిలబడేవాడు.

“నీళ్ళకి అంత కోపం వచ్చే పని ఏం చేశారో మీకే తెలియాలి,” అంది భార్య ఓసారి, బియ్యం కడుగుతూ.

ఆయన పేపరు తిప్పాడు. తెలుసు. బాగా తెలుసు.

పదకొండు నెలల కిందట ఒక ఆదివారం, పత్రికవాళ్ళు ఫొటో తీయడానికి వస్తారని కబురొచ్చింది. గడ్డం గీయించుకుని వెళ్దామని మాస్టారు మంగలి షాపులో కూర్చున్నాడు. “ఐదే ఐదు నిమిషాలు సార్,” అన్నాడు మంగలి. ఆ ఐదు నిమిషాలు నలభై అయ్యాయి. ఆయన సరస్సు దగ్గరికి చేరేసరికి పొద్దున్న రావలసిన జనమంతా పడవలెక్కి పోయారు. పత్రికవాళ్ళు రానేలేదు. చేసేదేముంది, రిజిస్టరు తీసి, ‘పద్నాలుగు మందికి జాగ్రత్తలు చెప్పడమైనది’ అని రాసి సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి ఆ పద్నాలుగు మందిలో ఒకడు శవమై ఒడ్డుకొచ్చాడు. బస్సు కండక్టరు. కూతురిని పడవెక్కించి తిప్పాలని, ముందు తను తెడ్డు వెయ్యడం నేర్చుకుందామని ఒక్కడే చిన్న పడవ తీసుకున్నాడట. పడవతోపాటు అద్దెవాడిచ్చిన జాకెట్టు సీటు కింద మడతపెట్టినది మడతపెట్టినట్టే ఉంది.

విచారణ జరిగింది. రిజిస్టరు చూశారు. ‘హెచ్చరిక ఇవ్వబడినది. మృతుడు పాటించలేదు.’ రెండే రెండు వాక్యాలు. “మీరు చెప్పారు, నేను జాకెట్ ఇచ్చాను, అంతే కదా సార్?” అన్నాడు పడవల అద్దెవాడు, ఆయన కళ్ళలోకి చూడకుండా. అంతే అన్నట్టు తలూపాడు మాస్టారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోబోతే నీళ్ళు పక్కకి తప్పుకున్నాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. నెల తిరక్కుండా కండక్టరు భార్య ఆఫీసుకి వచ్చింది. బజారులో చిన్న టైలరింగు షాపు ఆవిడది. “సార్, తెగిన పట్టీలుంటే ఇవ్వండి, ఊరికే కుట్టిపెడతాను. ఆదివారాలు మీతో వచ్చి ఓ రెండు మాటలు చెప్తాను. నాకు జరిగింది ఇంకొకరికి జరక్కూడదు,” అంది. కాదనడానికి ఆయనకి కారణం దొరకలేదు. దొరికిన ఒక్క కారణం పైకి చెప్పేది కాదు.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం మాస్టారు ఉపన్యాసం అయ్యాక టైలరమ్మ మైకు అందుకునేది.

“మా ఆయన కండక్టరు. రోజంతా కడ్డీ పట్టుకోండి, కడ్డీ పట్టుకోండి అని ఊరందరికీ చెప్పేవాడు. తన దాకా వచ్చేసరికి వినలేదు. ఈ సార్ ఇక్కడే నిలబడి ఇరవై నిమిషాలు చెప్పారు. వినలేదు. మొండిమనిషి. మా అమ్మాయికి నాన్న లేకుండా చేశాడు. మీరు వినండి.”

ఆవిడ ఏడ్చేది కాదు. కోపంగా చెప్పేది. ఇంట్లో ఆయన ఫొటో గోడకి వెయ్యలేదని ఒకసారి తనే చెప్పింది. “ఎందుకు సార్? ఆ మొహం చూస్తే, జాకెట్ వద్దని తల అడ్డంగా ఊపుతున్నట్టే ఉంటుంది నాకు. అమ్మాయి బళ్ళో వ్యాసం రాసింది, మా నాన్న ఎవరి మాటా వినడు అని. టీచరమ్మ బాగా రాసిందని మెచ్చుకుంది.”

మాస్టారు పట్టీలు లెక్కపెడుతున్నట్టు తలొంచుకున్నాడు. ఆవిడ అలా మాట్లాడిన ప్రతిసారీ నీళ్ళు ఆయనకి ఇంకాస్త దూరం జరిగేవి. మొదట బారెడు, తర్వాత మూడు బారలు, వేసవి వచ్చేసరికి పది బారలు. ఆయన రేవు మెట్ల మీద నిలబడితే కట్టేసిన పడవలు బురదలో కూలబడేవి. “సార్, మీరు ఆ చెట్టు దగ్గర్నుంచి మాట్లాడండి, మైకుందిగా,” అనేవాడు అద్దెవాడు. ఆయన చెట్టు దగ్గర్నుంచే మాట్లాడేవాడు. చెప్పెయ్యాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. వచ్చేవారం చెబుదాం అనుకునేవాడు. వారాలకేం, వస్తూనే ఉంటాయి.

ఒక ఆదివారం ఉద్యోగ విరమణ చేసినవాళ్ళ గుంపు ఒకటి పెద్ద పడవ మాట్లాడుకుని వచ్చింది. అందరికీ జాకెట్లు తొడిగారు. వాళ్ళకి తోడుగా టైలరమ్మ కూడా ఎక్కింది. తీరా పడవ కదులుతుండగా చేతికర్ర ఊపుకుంటూ ఒక పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు. జాకెట్లు అయిపోయాయి. టైలరమ్మ తన ఒంటిమీది జాకెట్టు విప్పి ఆయనకిచ్చింది. చెట్టు కింద నిలబడి, తను తొడుక్కున్న జాకెట్టు మీదే రెండో గుంపుకి బకిలు పెట్టడం చూపిస్తున్న మాస్టారు అది గమనించనేలేదు.

పడవ లోతుకి చేరింది. పెద్దాయన పట్టీ సరిగా బిగుసుకోలేదని టైలరమ్మ లేచి నిలబడి ముడి వేస్తోంది. గాలి ఒక్క విసురు విసిరింది. పడవ ఊగింది. ఆవిడ వెల్లకిలా నీళ్ళలో పడింది. ఒక్కసారి పైకి తేలింది, మళ్ళీ తేలలేదు. పడవ ఆ గాలికి చాలా దూరం కొట్టుకుపోయింది.

కేకలు విని మాస్టారు పరిగెత్తాడు. రేవు చివరినుంచి దూకాడు. చప్పుడైంది గాని అది నీటి చప్పుడు కాదు, బురద చప్పుడు. పది బారల మేర సరస్సు ఆయన చుట్టూ తప్పుకుని గోడలా నిలబడింది. ఆయన ముందుకి నడిస్తే గోడ ముందుకి జరిగింది.

“ఎడమకి సార్, ఎడమకి!” అరిచారు ఒడ్డునున్నవాళ్ళు. “మెల్లిగా, అక్కడ జారుడు!”

దారిలో ఉన్న ఖాళీ పడవ దభీమని నేలకి దిగింది. “దాని అడుగు గీసుకుపోతుంది సార్!” అని మొత్తుకున్నాడు అద్దెవాడు.

మోకాలిలోతు బురదలో, ఎవరివో చెప్పులూ కళ్ళజోళ్ళూ విరిగిన తెడ్లూ తొక్కుకుంటూ మాస్టారు నడిచాడు. ఆవిడ పక్కకి ఒరిగి పడి ఉంది. ఊపిరి లేదు. మునిగినవాళ్ళకి ఊపిరి తెప్పించడం ఎలాగో ఆయన ఇన్నేళ్ళూ బొమ్మ మీద చేసి చూపించిందంతా ఆ క్షణాన మర్చిపోయాడు. ఆవిడ భుజం పట్టుకుని కదిపాడు. అంతే. ఆవిడ ఛాతీలో చేరిన నీళ్ళు కూడా ఆయన స్పర్శకి ఆగలేదు. నోట్లోంచి, ముక్కులోంచి, ఆయనకి దూరంగా, తరిమినట్టు ఉరికి గోడలో కలిసిపోయాయి. ఆవిడ దగ్గింది. కళ్ళు తెరిచింది.

చాలాసేపు దగ్గాక, చుట్టూ నిలబడ్డ నీళ్ళని చూసి, తన మట్టి చేతులు చూసుకుని, “చూశారా సార్,” అంది. “ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టాను. నేనేం చేశాను? అంతమందికి చెప్పి, జాకెట్ లేకుండా లేచి నిలబడ్డాను. ఆయనా వినలేదు, నేనూ వినలేదు. మొండితనం మా ఇంటిదే.”

“ఆయన వినకపోవడం కాదమ్మా,” అన్నాడు మాస్టారు. “ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నేను ఆలస్యంగా వచ్చాను. గడ్డం గీయించుకుంటూ కూర్చున్నాను. చెప్పినట్టు రిజిస్టరులో రాశాను. అది అబద్ధం.”

ఆయన పాదాలకి ఏదో చల్లగా తగిలింది. పదకొండు నెలల తర్వాత మొదటిసారి నీళ్ళు. గోడలు లోపలికి జరుగుతున్నాయి.

“పదండి,” అన్నాడు.

ఆవిడ ఆయన చాచిన చెయ్యి అందుకోలేదు. తనే లేచి ముందు నడిచింది. మోకాళ్ళదాకా వచ్చాయి, నడుందాకా వచ్చాయి. నేల అందకుండా పోయాక మాత్రం వెనక్కి తిరిగి ఆయన జాకెట్టు పట్టీ పట్టుకుంది. అది ఆవిడ కుట్టిన పట్టీయే. ఒక్క జాకెట్టు మీద ఇద్దరూ తేలుకుంటూ ఒడ్డు చేరారు.

మర్నాడు మాస్టారు కాగితం మీద అంతా రాసి పై అధికారిణి బల్ల మీద పెట్టాడు. ఆవిడ చదివి కళ్ళజోడు తీసేసింది.

“ముగిసిపోయిన ఫైలు. ఇప్పుడెందుకండీ కెలకడం? మీ ఉద్యోగానికే చేటు.”

“ఇక్కడ ముగిసింది మేడమ్. వాళ్ళింట్లో ముగియలేదు.”

విచారణ మళ్ళీ జరిగింది. పాత వాక్యాలు కొట్టేసి, ‘హెచ్చరిక ఇవ్వబడలేదు’ అని రాశారు. మాస్టారి చేతిలోంచి మైకు తీసేసుకుని గిడ్డంగిలో కూర్చోబెట్టారు. ఎదురింటాయన పలకరించడం మానేశాడు. భార్య మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, “ఆవిడ మొహం చూస్తూ ఎలా నిలబడ్డారండీ అన్ని ఆదివారాలు?” అని మాత్రం అడిగింది. జవాబు కోసం ఆగకుండా లోపలికెళ్ళిపోయింది. ఆ రోజు ఒడ్డుకి చేర్చాయి గాని, నీళ్ళు ఆయన్ని పూర్తిగా క్షమించాయని చెప్పలేం. చేతులు మణికట్టు దాకా తడిసేవి. నీళ్ళు అంతకన్నా పైకి వచ్చేవి కావు.

దిద్దిన కాగితం నకలు ఒకటి పట్టుకుని ఓ సాయంత్రం ఆయన టైలరింగు షాపుకి వెళ్ళాడు. కత్తిరించిన గుడ్డముక్కల మధ్య, మిషను ముందు ఆవిడ కూర్చుని ఉంది. కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. మడిచి సొరుగులో పెట్టింది. కూర్చోమనలేదు.

“ఇందులో రాయనిది ఇంకేమైనా ఉందా?” అంది.

లేదని చెప్పి వెళ్ళిపోవచ్చు. ఎవరికీ తెలియదు. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

“ఉందమ్మా. నేను వెళ్ళేసరికి ఆయన పడవ ఇంకా దూరం పోలేదు. కేకేస్తే వినపడేంత దూరం. నన్ను చూశారు. ఎవరో తనని సాగనంపడానికి వచ్చారనుకున్నారేమో, చెయ్యి ఊపారు. జాకెట్ వేసుకోలేదని నాకు కనిపిస్తూనే ఉంది. ఆలస్యంగా వచ్చి అరవడానికి సిగ్గేసింది. వచ్చేస్తాడులే అనుకున్నాను. నేనూ చెయ్యి ఊపాను.”

మిషను చక్రం మీద ఆవిడ చెయ్యి అలాగే ఉండిపోయింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

“మొహం ఎలా ఉంది?” అంది.

“నవ్వుతున్నారు.”

“నిజంగానా?”

“పళ్ళు కనబడేలా.”

ఆవిడ కుట్టే గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. తర్వాత మొహం తుడుచుకుని, లోపలి గది తలుపు వైపు తిరిగి పిలిచింది. “అమ్మడూ, పుస్తకం పక్కన పెట్టి ఇలా రా. మీ నాన్నని ఆఖరిసారి చూసింది ఈయనే. ఏం చూశారో నీకు చెప్తారు.”

పన్నెండేళ్ళ పిల్ల వచ్చి తల్లి కుర్చీ వెనక నిలబడింది. మాస్టారు మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. మంగలి షాపు దగ్గర్నుంచి. పిల్ల రెప్ప వెయ్యకుండా విన్నది.

“మీరు పిలవలేదా?”

“పిలవలేదమ్మా.”

పిల్ల తల్లి వైపు చూసింది, మళ్ళీ ఆయన వైపు చూసింది.

“ఎలా ఊపారో చూపించండి.”

ఆయన కుడిచెయ్యి పైకెత్తాడు. పిల్ల దగ్గరికొచ్చి, మోచెయ్యి పట్టుకుని, “ఇంత ఎత్తా?” అంది. ఇంకాస్త పైకి, అన్నాడు ఆయన. ఆ పిల్ల ఆయన చేతిని ఇంకాస్త పైకి లేపి, అక్కడ ఉంచి, వెనక్కి జరిగి చూస్తూ నిలబడింది. చాలు, దించండి అని తల్లీ అనలేదు, కూతురూ అనలేదు.