మంచినీళ్ళ సాకు

స్వర్ణలత బీరకాయ చెక్కు తీస్తుంటే భర్త రాఘవేందర్ వంటింట్లోకి వచ్చాడు, మంచినీళ్ళు కావాలంటూ. పొద్దున్నుంచి ఇది మూడోసారి. అంత దాహం ఏ మనిషికీ వెయ్యదని ఆమెకు తెలుసు. ముందుగదిలో ట్యూషన్ పిల్లలు ఏదో అడిగుంటారు, ఆయనకు తెలిసుండదు, అంతే. నీళ్ళు ముంచిస్తూ ఆమె గొంతు తగ్గించి జవాబు చెప్పాలి. ఆయన మీసం తుడుచుకుంటూ వెళ్ళి అదే మాట గొంతు పెంచి చెప్తాడు. పద్మారావు నగర్‌లో ఆయన ట్యూషన్ నాలుగేళ్ళుగా ఇట్లాగే వెలిగిపోతోంది.

పాఠమంతా ఆమెదే. చిలకలగూడ బడిలో ఇంగ్లీషు చెప్పే రోజుల్లో తనకు తానే కనిపెట్టుకున్న పద్ధతి. పాత పెళ్ళిపత్రికల వెనక తెల్లగా ఉన్న అట్ట మీద ఒక లాటిన్ ధాతువో గ్రీకు ధాతువో రాస్తుంది. 'పోర్ట్' అంటే మోయడం. ఆ ఒక్క ముక్క పట్టుకుంటే పోర్టర్, ట్రాన్స్‌పోర్ట్, ఎక్స్‌పోర్ట్, అన్నీ బట్టీ పట్టకుండానే వచ్చేస్తాయి. చుట్టాల పత్రికలు పాడుచేస్తోందని మొదట్లో సణిగిన అత్తగారు కాంతమణి, ఇప్పుడు అవన్నీ కొడుకు తెలివేనని వాడకట్టంతా చెప్పుకొస్తోంది. రెండో కాన్పుతో బడి మానేసినప్పుడు, "ఇంట్లనే ట్యూషన్ పెడదాం, పని చూసుకుంటనే జెర సాయం చేద్దువు" అన్నాడాయన. సాయమట! పిల్లల్ని పడుకోబెట్టి, గిన్నెలు కడిగి, ఆ తడి చేతులతోనే రాసింది ఆ అట్టలన్నీ. నడుము పోయింది, కళ్ళజోడు వచ్చింది. ఇంత అలసట ఎక్కణ్ణుంచి వస్తోందో అడిగే మనిషే లేడు ఆ ఇంట్లో.

ఇప్పుడు ఆ అట్టలన్నీ పుస్తకం కాబోతున్నాయి. రేపే అచ్చుకు ఇస్తారు. పైన 'రాఘవేందర్ సర్ పద్ధతి' అని పెద్ద అక్షరాలు, కింద ఆయన ఫొటో. నిన్న బట్టలు మడతపెడుతూ, తన పేరు కూడా వెయ్యమని అడిగింది. అడగడానికే నెలరోజులు పట్టింది. ఆయన నవ్వేశాడు.

"నీ పేరు, నా పేరు వేరేనా? ఇంట్ల మనిషివి, నీకెందుకు గీ పరేషాన్?"

అసలు ఆయన నోట తన పేరు విని ఎన్నాళ్ళయిందో. నలుగురిలో ఉంటే "ఇగో" అంటాడు, లేకపోతే "ఏందీ, ఇనవడ్తలేదా" అంటాడు. రాత్రంతా అదే ఆలోచన ఆమెకు.

ఇవాళ ఆదివారం. పాఠం ఎట్లా చెప్తారో చూడ్డానికి పిల్లల తల్లిదండ్రులు కూడా వచ్చి కూర్చున్నారు. నీళ్ళు తాగి ఆయన అటు వెళ్ళాడో లేదో, ఏడో క్లాసు హిమజ గొంతు ఖంగుమంది.

"సర్, పోర్ట్ అంటే మోసుడైతే, పాస్‌పోర్ట్‌ల ఏం మోస్తరు?"

స్వర్ణలత చేతిలో కత్తి ఆగిపోయింది. ఓసి నీ తెలివి బంగారం గాను! నాలుగేళ్ళుగా ఏ పిల్లా అడగలేదీ మాట. అది వేరే పోర్ట్ తల్లీ, రేవు అని అర్థం, రేవు దాటనిచ్చే కాయితం కాబట్టి పాస్‌పోర్ట్. జవాబు నాలుక చివరిదాకా వచ్చేసింది. ఆ పిల్ల మొహం చూస్తూ చెప్పాలని ప్రాణం కొట్టుకుంది.

చెప్పుల చప్పుడు. రాఘవేందర్ మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాడు, నుదురంతా చెమట.

ఆమె కుండలో గ్లాసు ముంచి నిండుగా ఇచ్చింది. ఇచ్చి ఊరుకుంది.

"ఏందీ, చెప్పు జల్ది. అందరు చూస్తున్నరు."

"మీరు అడిగింది నీళ్ళే గదా, ఇచ్చిన. జవాబు కావాల్నంటే స్వర్ణలతా అని అక్కడికెల్లి పిలువుండ్రి. అందరి ముంగట నేనే వచ్చి చెప్తా."

ఆయన గ్లాసు పట్టుకుని ముందుగది వైపు చూశాడు. ఆమె పొయ్యి ఆర్పింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. పిలిస్తే వెళ్తుంది. పిలవకపోతే, కుండ నిండా నీళ్ళున్నాయి, ఎన్నిసార్లొచ్చినా తాగిపోవచ్చు.