ఆయన చేసిన తాళం

మా ఆయన్ని నేను ఎంత బాగా చూసుకున్నానో వచ్చినవాళ్లంతా చెప్పి వెళ్తున్నారు. "ఏడు నెలలు కంటికి రెప్పలా కాపాడావమ్మా, ఆయన రాత అంతే" అంటున్నారు. వింటుంటే నాకు ఒళ్లు మండిపోతోంది. ఒక్కరికైనా జరిగింది చెబుదామని నోరు తెరుస్తాను. ఈలోగా వాళ్లు చెప్పులు వేసుకుంటారు.

ఆయన తాళాలు బాగుచేసేవాడు. బస్టాండు ఎదురుగా మంచం పట్టేంత కొట్టు, గోడనిండా తాళంచెవులు. ఎవరింట్లో తాళంచెవి పోయినా ఆయనకే కబురు. సన్నటి ఇనప తీగ తాళంలోకి పోనిచ్చి, కళ్లు మూసుకుని, చెవి దగ్గరగా పెట్టి విని తీసేవాడు. "ఈ విద్యతో దొంగతనాలకి వెళ్లి ఉంటే ఈపాటికి మేడ కట్టేవాళ్లం" అని నేను ఎగతాళి చేస్తే, "అన్నిటికీ తాళాలు చేశాను గానీ నీ నోటికి మాత్రం చెయ్యలేకపోయానే" అనేవాడు.

పదిహేనేళ్లుగా షుగర్. చెబితే వింటేగా! టీలో రెండు చెంచాల చక్కెర నేను చూస్తుండగా, మూడోది నేను అటు తిరిగాక. నేను ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచేదాన్ని, ఆయన నవ్వేవాడు. అలా నవ్వుతూ తిరిగే మనిషి ఒకరోజు కొట్లో కుర్చీలోంచి కుడివైపుకి కూలిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పూటలో పోయాయి.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "షుగర్ అదుపులో లేకపోతే ఇది మళ్లీ వస్తుందమ్మా. ఈసారి వస్తే మనిషి దక్కడు." నా చెవికి అదొక్కటే ఎక్కింది. డాక్టరు ఇంకా చాలా చెప్పాడు. ఇన్సులిన్ ఇచ్చాక తిండి తప్పకూడదన్నాడు. షుగర్ మరీ పడిపోయినా ప్రమాదమేనన్నాడు. చెమటలు పట్టినా, వణుకు వచ్చినా వెంటనే ఒక చెంచా చక్కెర నోట్లో వెయ్యమన్నాడు. నేను తలూపాను. తలూపడానికేం, ఎంతసేపైనా ఊపుతాను. పక్కన చక్రాల కుర్చీలో మా ఆయన మాత్రం రెప్ప వెయ్యకుండా విన్నాడు.

ఇంటికి రాగానే చక్కెర డబ్బాని వంటింటి అల్మారాలో పెట్టి తాళం వేశాను. అది ఆయన చేసిన ఇత్తడి తాళమే. పెళ్లైన కొత్తలో నాకోసం చేసి, "దీన్ని తాళంచెవి లేకుండా నేను తప్ప ఎవడూ తియ్యలేడే" అని గొప్పలు పోయాడు. ఆ తాళంచెవిని దారానికి గుచ్చి మెడలో వేసుకున్నాను. మూడు వందలు దాటే షుగర్ నూట నలభైకి దిగింది. ఆ అంకె చూసినప్పుడల్లా పరీక్షలో మార్కులొచ్చిన పిల్లలా మురిసిపోయేదాన్ని. మనిషిని దక్కించుకుంటున్నానన్న ధీమా.

వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చేది. ఐదో నెలకి ఆయన గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాడు. "పాత పనే చేతికివ్వండమ్మా, ఎడమ చెయ్యి మెల్లగా నేర్చుకుంటుంది" అంది. కొట్లోంచి పాత తాళాలు, తీగలు తెప్పించి కిటికీ దగ్గర పెట్టాను. ఆయన వాటి మొహం చూడలేదు. బతిమాలాను, తిట్టాను, ఒకసారి ఏడ్చాను కూడా. ఊహూఁ. మొండికెత్తి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఆరోజు పొద్దున ఎప్పటిలాగే ఇన్సులిన్ ఇచ్చాను. జావ రెండు చెంచాలు మింగి, దగ్గొచ్చి, మొహం తిప్పేసుకున్నాడు. ఆకలైతే ఆయనే సైగ చేస్తాడులే అనుకున్నాను. తినకపోతే షుగర్ ఇంకా తగ్గుతుంది, మంచిదేగా అని కూడా అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను.

మా పిల్ల, ఒక్కగానొక్క కూతురు, బట్టల కొట్లో పనికి వెళ్లిపోయింది. నేను బట్టలు ఉతికి పిండుతున్నాను. ఆయన గోడ పట్టుకుని, కాలీడ్చుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. అల్మారా తలుపు మీద ఎడమ చేత్తో కొట్టాడు. నావైపు చూసి నోరు చూపించాడు.

"ఏంటి, చక్కెరా? ఇంత జరిగినా సిగ్గులేదండీ మీకు!" అన్నాను.

మళ్లీ కొట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చక్కెర కోసం చిన్నపిల్లాడిలా ఆ ఏడుపేమిటని నాకు చిరాకేసింది. ఆయన నన్నొదిలేసి, కిటికీ దగ్గరికి వెళ్లి, తీగ తీసుకుని వచ్చాడు. అల్మారా ముందు పీట మీద కూలబడి, ఎడమ చేత్తో తీగని తాళంలోకి పోనిచ్చాడు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. రెండు నెలలు నేను బతిమాలినా ముట్టని తీగ! చెయ్యి వణుకుతోంది. ఎడమ చేతికి అలవాటు లేదు, వణకదా మరి! మొహం నిండా చెమట. అంత కష్టపడుతుంటే చెమట పట్టదా మరి!

"అబ్బో, పాత విద్య మర్చిపోలేదే! తియ్యండి చూద్దాం. తీస్తే ఒక చెంచా మీదే. మాటంటే మాటే!" అన్నాను.

బట్టల బకెట్టు తీసుకుని డాబా మీదకి వెళ్లాను. చాలా రోజులకి ప్రాణం హాయిగా ఉంది. ఆయన చొక్కా దులిపి తీగ మీద ఆరేస్తుంటే కింద నుంచి చప్పుడు వినిపించింది. ఠంగ్, ఠంగ్ మని ఇనుము మీద కొట్టినట్టు. నవ్వొచ్చింది.

"కొట్టండి, కొట్టండి! అది మీరు చేసిందే, అంత తేలిగ్గా విరగదు!" అని పైనుంచే అరిచాను.

ఆయనతో నేను ఆడిన ఆఖరి మాట అది.

చప్పుడు ఆగిపోయింది. అలిగాడేమో అనుకున్నాను. దుప్పటి కూడా ఆరేసి దిగాను. అల్మారా తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం ఊడి గొళ్లేనికి వేలాడుతోంది. తీశాడు! ఎడమ చేత్తో తీశాడు! "శభాష్" అనబోయాను. అప్పుడు చూశాను.

పీట పక్కన నేల మీద పడి ఉన్నాడు. ఒళ్లంతా తడిసి ముద్దయింది. చక్కెర డబ్బా మోకాళ్ల మధ్య ఉంది. దాని మూత రాలేదు. ఆ మూత తియ్యాలంటే ఒక చేత్తో డబ్బా పట్టుకోవాలి, ఇంకో చేత్తో లాగాలి. చీమలు పట్టకుండా పిడికిలితో గుద్ది మరీ నేనే బిగించాను. అంచంతా సొట్టలు. మూత మీద పళ్ల గాట్లు కూడా ఉన్నాయి.

ఆసుపత్రిలో వేలు గుచ్చి చూశారు. ముప్పై ఒకటి. ఏ అంకె తగ్గితే నేను మురిసిపోయానో ఆ అంకె.

"ఇంట్లో చక్కెర లేదా అమ్మా?" అని అడిగాడు డాక్టరు. తిట్టలేదు, మామూలుగానే అడిగాడు.

"ఉంది" అన్నాను.

ఒకసారి దెబ్బతిన్న మెదడు తట్టుకోలేకపోయిందన్నారు. తొమ్మిదో రోజున పోయాడు. కళ్లు తెరవనే లేదు.

పక్షవాతం మళ్లీ వచ్చిందని పిల్ల అందరికీ చెబుతోంది. నేను సరిదిద్దలేదు. రోజూ దాని ఎదురుగా కూర్చుంటాను, ఇవాళ చెప్పెయ్యాలనుకుంటాను, అన్నం కలిపి పెట్టి లేచిపోతాను. ఉన్న ఒక్క దిక్కూ నావైపు ఎలా చూస్తుందోనని భయం.

ఇప్పుడు ఇంట్లో ఏ డబ్బాకీ మూత బిగించను. చక్కెర డబ్బాకైతే అసలు పెట్టనే పెట్టను. పొద్దున పిల్ల విసుక్కుంది.

"ఏంటమ్మా ఇది, చీమలు పట్టేస్తున్నాయి చూడు."

"పట్టనీవే" అన్నాను.

"మూత ఎక్కడ పడేశావు?"

దాన్ని నా పెట్టెలో బట్టల కింద దాచాను. తీస్తే ఒక చెంచా మీదే అన్నాను, మాటంటే మాటే అన్నాను. ఆయన తీశాడు.